బైబిలమ్మ బొమ్మ వేసిన పుస్తకం

మంగళవారం పొద్దున్న కాశీబుగ్గలో మా శాఖా గ్రంథాలయం తాళం తీస్తుండగా ఫోన్ మోగింది. బైబిలమ్మ కూతురు. "అమ్మ ఎల్లిపోయిందక్కా," అంది. "టీ ఇచ్చినాను. రెండు గుక్కలు తాగింది, సాలన్నాది. గ్లాసు కడిగి వొచ్చేసరికి..." తలుపు మళ్ళీ మూసేసి ఆటో ఎక్కాను.

మూడో రోజు ఇంకో ఫోన్ వచ్చింది. అడవి కూరల మీద పుస్తకం రాసిన రచయిత గారు. పుస్తకం రెండో ముద్రణకు వెళ్తోందట. లోపలి అట్ట మీద ఆమె ఫొటో పెద్దదిగా వేసి పక్కన నివాళి వేస్తారట. "ఆవిడ గురించి మీకంటే బాగా ఎవరికి తెలుసు మేడమ్? రెండు పేజీలు, కాస్త ఆర్ద్రంగా రాసి పంపండి," అన్నారు. ఆర్ద్రంగానట! నాకు ఒళ్ళు మండిపోయింది. సరే, రాస్తున్నాను. ఇది ఆయన అచ్చువేసుకునే రకం కాదు గనక మీ ముందు పెడుతున్నాను.

ఆమె బాప్టిస్టు సంఘంలో బైబిల్ స్త్రీగా పనిచేసింది. ఊరూరా నడిచి వెళ్ళి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని వాక్యం చదివి, ప్రార్థన చేసి రావడం ఆ పని. ఇటు కవిటి తోటల దాకా, అటు మందస కొండల కింద ఊళ్ళ దాకా అందరికీ ఆమె బైబిలమ్మే. మాది వ్యవసాయం చేసుకునే హిందువుల ఇల్లు, వాళ్ళది పక్కిల్లు. మధ్యలో గోడ ఉండేది గానీ దాని మీదుగా గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. భుజాన గుడ్డసంచిలో బైబిలు, పాటల పుస్తకం పెట్టుకుని వెళ్ళేది. సాయంత్రం వచ్చేటప్పుడు వాటి మీద తడిగుడ్డలో చుట్టిన కూరలుండేవి. పొన్నగంటి, తుమ్మికూర, గంగపాయలు, గలిజేరు, వానలు పడితే పుట్టగొడుగులు. దారిలో దొరికింది దారిలో ఉన్న ఇళ్ళకే పంచుకుంటూ వచ్చేది. మా ఇంటికి వచ్చేసరికి ఒక్కోసారి గుప్పెడే మిగిలేది.

ఆమె దగ్గర కూర తీసుకోవడం అంత తేలికైన పని కాదు. ముందు ప్రశ్నలకి జవాబు చెప్పాలి. "ఇంట్లో ఎవలికి ఏటి రోగం? కడుపుతో ఎవలైనా ఉన్నారేటి? డాట్రు ఏ మాత్తర్లు రాసినాడు?" చంకలో బిడ్డతో నిలబడ్డ కొత్త కోడలినైనా, సంఘం పెద్దనైనా అడిగేది. కొంతమందికి చిర్రెత్తుకొచ్చేది. గుప్పెడు ఆకు కోసం ఇంటి గుట్టంతా చెప్పాలా అని గొణుక్కునేవాళ్ళు. గొణిగినా ఆమెకు పట్టేది కాదు. జవాబు రాకపోతే ఆకు సంచిలోకి వెళ్ళిపోయేది.

చెప్పిందే చెప్పడం ఇంకో అలవాటు. ఫలానా ఆకు ఉడికించి ఒక నీరు పారబోయాలి, ఫలానాది లేతది తప్ప ముట్టుకోకూడదు. మా అమ్మకి ఏళ్ళ తరబడి తెలిసిన సంగతే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేది. మా అమ్మ విసుక్కునేది. "ఓలమ్మో, ఎన్నిసార్లు సెప్తావే ఈ మాట!" అంటే, "నాను సచ్చిపోయే దాకా సెప్తానమ్మా. తరవాత నీకు సెప్పేవోలు ఉండరు కదేటి," అనేది నవ్వుతూ.

ఇదంతా నేను చిన్నప్పుడు ముచ్చటగానే చూశాను. ఆ ప్రశ్నల విలువ నాకు తెలిసింది పుస్తకాలు ఎంచాల్సి వచ్చినప్పుడు.

ఈ మధ్య అందరికీ అడవి కూరల పిచ్చి పట్టింది. ఫోన్లలో వీడియోలు చూసి వచ్చి, "మేడమ్, ఏ ఆకు తినాలో చెప్పే పుస్తకం ఉందా?" అని లైబ్రరీలో అడుగుతున్నారు. కొందామని నాలుగు పుస్తకాల నమూనా ప్రతులు తెప్పించి, వాటిని బైబిలమ్మ మంచం మీద పరిచాను. ఆమె తెలుగు గడగడా చదివేది, బైబిలు చదివిన నోరు కదా.

మొదటి పుస్తకం మంచి కాగితం, రంగురంగుల బొమ్మలు. ఆమె విషయసూచిక చూడలేదు, ముందుమాట చూడలేదు. "గంగపాయలు ఎక్కడున్నాది?" అంది. పేజీ తీసిచ్చాను. చదివి మూసేసింది. "ఇది వొద్దు."

"ఏమైంది?"

"గంగపాయలు పక్కనే అదే వొరసలో నేల మీద పాకి ఇంకోటి మొలుత్తాది. తుంచితే పాలు కారతాది. అది తింటే కడుపులో మంటే. దాని మాటే నేదు ఇందల. నాకు బాగా తెలిసిన మొక్క కాడే ఇలగ దాటేసినోడు, నాకు తెలీని మొక్క కాడ నిజం సెప్తాడేటి? పుస్తకం కొన్నప్పుడు తెలీంది సూడకు. బాగా తెలిసింది ముందు తీసి సూడు."

నేను ఇరవై ఏళ్ళుగా పుస్తకాల మధ్య బతుకుతున్నాను. ఇంత సూటైన పరీక్ష నాకెవరూ చెప్పలేదు.

రెండో దాన్ని బొమ్మలు చూసి పక్కన పెట్టేసింది. ప్రతి ఆకూ తెల్ల పింగాణీ పళ్ళెంలో, పైనుంచి తీసిన ఫొటో. "పెళ్ళికూతురిలాగ ఉన్నాది. నేల మీద ఎలగుంటాదో, పువ్వెలగుంటాదో, కాయెలగుంటాదో సూపించాల గానీ కంచంలో పెట్టి సూపిత్తే నానేటి గుర్తుపడతాను?" మూడో పుస్తకంలో ప్రతి ఆకూ ప్రతి రోగానికీ మందే. దాన్ని పూర్తిగా తెరవనైనా లేదు.

నాలుగోది సన్నటి పుస్తకం. నాసిరకం కాగితం, చేత్తో గీసిన నల్ల గీతల బొమ్మలు. మొక్క మొలక దగ్గర్నుంచి గింజ దాకా మూడు నాలుగు బొమ్మలున్నాయి. మధ్యమధ్యలో "ఇది నేను తినలేదు, చెప్పగా విన్నాను" అని, "దీని సంగతి నాకు సరిగ్గా తెలియదు" అని రాసుంది. ఆ వాక్యాల మీద ఆమె వేలు పెట్టి ఆగింది. "ఈ బాబుకి బయ్యం ఉన్నాదే. ఇది కొను."

"భయం ఉంటే మంచిదా?"

"ఆకు ఇచ్చిన కాడ నాను అడుగుతాను, ఇంట్లో ఎవలికి ఏటి అనీసి. పుస్తకం అడగలేదు కదేటి. అడగలేనప్పుడు ఎవలు తినకూడదో అదే సెప్పీయాల. బయ్యం ఉన్నోడే సెప్తాడు."

అదే కొన్నాను. ఇంతవరకు నేను చేసింది సరిగ్గానే ఉంది. ఇక్కడి నుంచి నా తప్పు మొదలవుతుంది.

రచయిత గారు నగరం నుంచి వచ్చారు. నా దగ్గరికే వచ్చారు. మా ఉద్దానం కూరల మీద పుస్తకం రాస్తానంటే సంబరపడిపోయి నేనే తీసుకెళ్ళి బైబిలమ్మ ముందు కూర్చోబెట్టాను. అప్పటికే ఆమెకు కిడ్నీ జబ్బు బయటపడింది. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. మా ప్రాంతంలో ఆ జబ్బు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఎవరికి ఎన్ని "పాయింట్లు" ఉన్నాయో టీ కొట్టు దగ్గర మాట్లాడుకుంటాం. క్రియాటినిన్ అనే మాట పలకలేని ముసలమ్మ కూడా తన పాయింట్లు చెప్పగలదు.

మూడు రోజులు ఆమె ఆయన్ని జీడితోటల గట్ల వెంట, కొబ్బరి తోటల కాలవల వెంట తిప్పింది. నేనూ పక్కనే ఉన్నాను. గలిజేరు దగ్గర కూర్చుని, లేత చిగురు తుంచి చూపించి, ఆయన ముందున్న ఫోన్‌లోకి వంగి మరీ చెప్పింది: "బాబూ, ఇది రాసుకో. పప్పులో ఏసుకుంటే బాగుంటాది. ఒంట్లో బాగున్నోలకి ఇది కూర. కిడ్నీ పాడయినోలు తినకూడదు. నాకు డాట్రు వొద్దన్నాడు, ఆకుకూరల్లో ఉప్పులు ఉంటాయంట, పాడయిన కిడ్నీ వాటిని బయటికి పంపలేదంట. ఇది నా నోటికి ఎంతిష్టమో! అయినా కోత్తాను, ఇత్తాను, తిన్ను. రాసుకున్నావా?"

"రాసుకున్నానమ్మా," అన్నారాయన.

పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆమె. ఎండలో, తలపాగా చుట్టుకుని, ఒడి నిండా ఆకులతో, నవ్వుతూ. లోపల ఆమె పేరెక్కడా లేదు, "ఉద్దానం పల్లెల్లో ఒక వృద్ధురాలు" అని ఒకచోట ఉంది. అప్పటికి నాకు అదీ పట్టలేదు. మన బైబిలమ్మ పుస్తకం మీదికి ఎక్కింది కదా అన్న సంబరంలో మూడు ప్రతులకు లైబ్రరీ ముద్ర నా చేత్తో నేనే కొట్టి బీరువాలో పెట్టాను. తెలిసిన ఆకు పేజీ తీసి చూడమని ఆమె చెప్పిన పరీక్ష బయటివాళ్ళ పుస్తకాలన్నిటికీ పెట్టాను, మా సొంతమనుకున్న దానికి మాత్రం పెట్టలేదు. ఆమె అట్ట మీద ఉంటే లోపల కూడా ఆమే ఉందనుకున్నాను. నాలాగే అందరూ అనుకున్నారు. పుస్తకానికి నా రిజిస్టరులో ఉన్న పేరు ఎవరూ అడగలేదు. "బైబిలమ్మ పుస్తకం ఇయ్యండి" అనే అడిగేవారు.

గలిజేరు పేజీ నేను చూసింది డయాలసిస్ గదిలో. అప్పటికి ఆమె వారానికి రెండుసార్లు వెళ్తోంది. ఆ రోజు నేను తోడు వెళ్ళాను. పక్క మంచం మీద కవిటి అవతలి ఊరాయన, కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే మనిషి. మొదటిసారి సూదులు గుచ్చుతుంటే కళ్ళు మూసుకుని పడుకున్నాడు. ఆయన భార్య బైబిలమ్మని చూసి గబగబా లేచొచ్చి కాళ్ళకి దండం పెట్టింది. సంచిలోంచి పుస్తకం తీసింది. నా ముద్ర ఉన్న ప్రతి.

"అమ్మా, మీరు సెప్పినట్టే సేసినాను. రోజూ పొద్దుటే ఆకు దంచి రసం ఇచ్చినాను. మాత్తర్లు మానిపించీసినాను. మరి ఎందుకు తగ్గనేదో మీరే సెప్పాల."

బైబిలమ్మ పుస్తకం తీసుకుని ఆ పేజీ చదివింది. చదువుతుంటే పెదాలు కదులుతున్నాయి. నేను వంగి చూశాను. "కిడ్నీ రోగాలకు దివ్యౌషధం. నిత్యం సేవిస్తే మూత్రపిండాలు తిరిగి శక్తి పుంజుకుంటాయి." పక్కనే ఆమె చెప్పిన పప్పు వండే విధానం, ఉన్నదున్నట్టు. తినకూడదన్న మాట ఒక్కటే లేదు.

"ఇది నాను సెప్పనేదమ్మా," అంది చివరికి.

"మీ బొమ్మే కదేటి ఇది?"

"బొమ్మ నాదే."

ఆ తర్వాత డాక్టరుని అడిగాను. ఆకు ఒక్కటే కారణమని చెప్పలేనన్నారు, మాత్రలు మానేయడమే పెద్ద దెబ్బ అన్నారు. ఇంకొన్నేళ్ళు మంచం మీదికి రాకుండా గడిచేదేమో అన్నారు. ఆ "ఏమో" ఇప్పటికీ నా గుండెలో గుచ్చుకుంటూనే ఉంది. ఆయన ఇప్పుడు చెట్టెక్కడం లేదు.

ఇంటికి రాగానే ఆమె నా చేత రచయిత గారికి ఫోన్ చేయించింది. గొంతు పెంచలేదు. "బాబూ, ఆ పేజీ సింపీయండి," అంది. అది తాను సొంతంగా రాసింది కాదని, పాత వైద్య గ్రంథాల్లో ఉందని, అందులో తప్పేమీ లేదని ఆయన చెప్పుకొచ్చారు. ఆమె అంతా వింది. "అయితే ఆ గ్రందాల బొమ్మ ఎయ్యలేకపోయావా నాయనా? నా బొమ్మ ఎందుకేసినావు?" అంది. అవతల ఫోన్ పెట్టేశారు.

మర్నాడు పొద్దున్నే లైబ్రరీకి వచ్చింది. మెట్లెక్కడానికి నా భుజం పట్టుకుంది. "ఈ పుస్తకం ఎవలెవలు పట్టికెల్లినారో సూడు," అంది. రిజిస్టరు తీసి ఊళ్ళ పేర్లు చదివాను. పలాస చుట్టుపక్కలవి, కవిటి వైపువి, టెక్కలి నుంచి వచ్చి తీసుకెళ్ళిన వాళ్ళవి. తన పాటల పుస్తకం వెనక అట్ట మీద ఒక్కొక్కటీ రాసుకుంది.

"ఏం చేస్తావు వీటిని?"

"ఎల్తాను. నా బొమ్మ ఎల్లిన ఊర్లన్నిటికీ నాను ఎల్లాల."

నేను గొడవపడ్డాను. మామూలు గొడవ కాదు, వీధి వీధంతా వినేలా అరిచాను. ఫోన్లు చేద్దామన్నాను, కరపత్రం వేద్దామన్నాను, ఆరోగ్య కార్యకర్తలకు చెబుదామన్నాను. "అన్నీ సెయ్యి, ఎవలు కాదన్నారు?" అంది. "ఆలు నా మొకం సూసి నమ్మినారే. మల్లీ నా మొకమే ఎల్లి కాదని సెప్పాల. కాయితం సెప్తే నమ్మరు."

వెళ్ళింది. డయాలసిస్ లేని రోజుల్లో, ఆటోలో, కాళ్ళవాపులతో. కొన్నిసార్లు నేనూ వెళ్ళాను. వయసులో ఉన్నప్పుడు వాక్యం చెప్పడానికి తిరిగిన ఊళ్ళే. అరుగు మీద కూర్చునేది. ఆడవాళ్ళు చుట్టూ చేరేవారు. "అమ్మా, ఆ పుస్తకం మీద ఉన్నది నానే. లోపలున్న మాట నాది కాదు. గలిజేరు మీ ఆయనకి పెట్టకు, మాత్తర్లు మానిపించకు," అని చెప్పి, మళ్ళీ మొదటి నుంచి చెప్పేది. కొంతమంది ఏడ్చారు. ఒకామె అయితే, "అయితే ముందెందుకు సెప్పినావు?" అని మొహం మీదే తలుపేసేసింది. బైబిలమ్మ ఆ మూసిన తలుపు ముందు నిలబడే మొత్తం చెప్పింది, లోపలికి వినిపించేలా.

రెండుసార్లు డయాలసిస్ వంతు తప్పించింది, ఊరు దూరమని, సాయంత్రానికి తిరిగి రాలేనని. రెండోసారి తర్వాత కోలుకోలేదు. ఆమె మీద కూడా నాకు కోపమే. ఎవరో చేసిన పాపం తన భుజానికెత్తుకుని తిరగమని ఎవరడిగారు? ఆయన నగరంలో చల్లగా ఉన్నారు. ఈమె ఎండలో ఊళ్ళు తిరిగి పోయింది. ఆమె పాటల పుస్తకం వెనక అట్ట మీద ఇంకా కొట్టివేయని ఊళ్ళు కొన్ని ఉన్నాయి.

మూడో రోజు వచ్చిన రచయిత గారి ఫోన్ సంగతికి వస్తాను. నివాళి సంగతి తర్వాత, ముందు గలిజేరు పేజీ తీసేస్తారా లేదా చెప్పమన్నాను. "మేడమ్, జనం ఆ పేజీ కోసమే పుస్తకం అడుగుతున్నారు. కింద చిన్న అక్షరాల్లో 'వైద్యుని సంప్రదించండి' అని వేస్తాం లెండి. పైగా ఈసారి ఆవిడ పేరు కూడా వేస్తాం," అన్నారు, పెద్ద వరం ఇస్తున్నట్టు. పేరు! ఇన్నాళ్ళూ బొమ్మే ఊళ్ళు తిరిగింది. ఇప్పుడు పేరు కూడా తోడు వెళ్తుంది, కాదని చెప్పడానికి మనిషి లేకుండా. నేను నోటికొచ్చింది అన్నాను. ఆ మాటలు ఇక్కడ రాస్తే సంపాదకులు కొట్టేస్తారు. పేజీ తీయకపోతే ఆ పుస్తకం పట్టుకుని ప్రతి లైబ్రరీకీ, ప్రతి పత్రికకీ వెళ్తానని చెప్పాను. వెళ్తున్నాను. ఇది మొదటిది.

మీరు అడవి కూరల పుస్తకం కొనేటప్పుడు అట్ట మీద ఎవరున్నారో చూడకండి. మీకు బాగా తెలిసిన ఆకు తీయండి. అది ఎవరు తినకూడదో రాసుందా చూడండి. లేకపోతే అక్కడే పెట్టేసి రండి. ఆమెకు మీరివ్వగల నివాళి అంతే, పూలు అక్కర్లేదు.

సమాధి చేసిన రోజు సంగతి ఒకటి చెప్పి ఆపుతాను. పాటలు పాడారు, మట్టి వేశారు, జనం ఒక్కొక్కరే కదులుతున్నారు. కంచె పక్కన ఒకామె వంగి ఏదో కోస్తోంది. ఇంకా ముప్పై దాటని మనిషి, ఎక్కడా చూసిన మొహం కాదు. దగ్గరికి వెళ్ళాను. గలిజేరు. కొంగు నిండా కోసింది.

"ఎవరికమ్మా ఇది?"

"మా ఆయనకి. పాయింట్లు పెరిగినాయి." సముద్రం వైపు ఊరట, రెండు ఆటోలు మారి వచ్చిందట.

"బైబిలమ్మ మీ ఊరు వచ్చి తినొద్దని చెప్పలేదా?"

"ఆమె రానేదమ్మా," అంది. "పుస్తకమే వొచ్చింది."

అక్కడే నిలబడి అంతా చెప్పాను. డాక్టరు మాట, కొబ్బరి చెట్లాయన సంగతి, పుస్తకంలో మాట ఆమెది కాదన్న సంగతి. గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. ఆమె ఓపిగ్గా వింది. మధ్యలో తలూపింది కూడా. ఆ తర్వాత మెల్లగా అంది, "నువ్వెవలో నాకు తెల్దమ్మా. ఆమె తెలుసు."

ఇటివ్వమని చెయ్యి చాపాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. కొంగు గట్టిగా ముడివేసి, ఆ మూటని రెండు చేతులతో గుండెకు అదుముకుని, నన్నే చూస్తూ నిలబడింది.